ఒకే పేరు, రెండు జాబితాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి రెండు తెలుగు రాష్ట్రాలకు వారసత్వంగా వచ్చిన షెడ్యూల్డ్ కులాల జాబితాను తెరిచి చూస్తే అందులో 'మెహతర్' అనే పేరు కనిపిస్తుంది. వెనుకబడిన తరగతుల జాబితాను తెరిచినా అదే పేరు కనిపిస్తుంది. అక్కడ మాత్రం ఆ పేరు పక్కన 'ముస్లిం' అన్న మాట చేరి ఉంటుంది. 'గోసంగి' సంగతీ అంతే. ఆ పేరు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉంది. 'గోసంగి ముస్లిం' అన్న పేరు బి.సి.-ఇ జాబితాలో ఉంది. మెహతర్ అంటే తరతరాలుగా ఊరి మలినాన్ని ఎత్తిపోసే పనికి కట్టుబడిన సమూహం. ఆ పని చేసే చేతుల్లో ఒక జతను చట్టం దళితుని చేతులుగా గుర్తిస్తుంది. మరొక జతను గుర్తించదు. రెండు జతల నడుమ తేడా పనిలో లేదు, పేదరికంలో లేదు, ఊరు చూసే చూపులోనూ లేదు. ప్రార్థన వేళ ఆ చేతులు ఏ దిక్కుకు ఎత్తబడతాయన్న దానిలో మాత్రమే ఉంది.

వివక్ష అనగానే మనకు సాధారణంగా మనుషులు గుర్తుకు వస్తారు. ఇల్లు అద్దెకు ఇవ్వనన్న యజమాని, పేరు వినగానే ముఖం మార్చుకున్న అధికారి, బడిలో పిల్లవాణ్ణి ఎగతాళి చేసిన ఉపాధ్యాయుడు మన కళ్లముందు మెదులుతారు. ఇవన్నీ నిజాలే. అయితే మనిషి చేసే వివక్షను ప్రశ్నించడానికి చట్టం తోడుంటుంది. చట్టమే వివక్షకు తావిచ్చినప్పుడు ఎవరి తలుపు తట్టాలి? అందుకే ఒక ప్రజాస్వామ్యం తన చట్టాలను తానే అప్పుడప్పుడు వెలుగులో పెట్టి పరీక్షించుకోవాలి. ఏ వాక్యం ఎవరిని బయటకు నెడుతున్నదో, ఆనాడు చెప్పిన కారణం ఈనాడు నిలుస్తుందో లేదో చూసుకోవాలి. ఈ సంచికలో మేము అటువంటి ఒకే ఒక్క వాక్యాన్ని పాఠకుల ముందు ఉంచదలచాము. అది 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వులోని మూడవ పేరా.

రాజ్యాంగం 341వ అధికరణం షెడ్యూల్డ్ కులాలను ప్రకటించే అధికారాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది. ఆ జాబితాలో చేర్చే, తొలగించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. ఆ అధికరణంలో మతం ప్రసక్తి ఎక్కడా లేదు. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం, హిందూ మతానికి భిన్నమైన మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డ్ కులానికి చెందినవానిగా పరిగణించరాదని తన మూడవ పేరాలో చెప్పింది. పంజాబు ప్రాంతంలోని నాలుగు సిక్కు కులాలకు అప్పుడే మినహాయింపు ఉండేది. 1956లో సవరణ ద్వారా సిక్కు దళితులందరికీ తలుపు తెరిచారు. 1990లో మరో సవరణ ద్వారా బౌద్ధం స్వీకరించిన దళితులకు తెరిచారు. ఈ రెండు సవరణలూ న్యాయమైనవే. మేము వాటిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాము. కానీ ఆ తలుపు ముస్లింలకు, క్రైస్తవులకు నేటికీ మూసే ఉంది.

షెడ్యూల్డ్ తెగల విషయానికి వస్తే ఇటువంటి షరతే లేదు. లక్షద్వీప్ ద్వీపవాసులు ముస్లింలు. వారు షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు పొందారు. ఈశాన్య రాష్ట్రాలలో క్రైస్తవం స్వీకరించిన గిరిజనులు గిరిజనులుగానే ఉన్నారు. గిరిజనుని నమాజు అతని గిరిజనత్వాన్ని చెరిపివేయదు. మరి మెహతర్ నమాజు మాత్రం అతని అణచివేతను ఎలా చెరిపివేస్తుంది?

ఈ మినహాయింపు వల్ల పోయేదేమిటని అడిగేవారు ఉండవచ్చు. ముస్లింలకు బి.సి. కోటాలో చోటుంది కదా అనవచ్చు. నిజమే. 2007లో చేసిన చట్టంతో బి.సి.-ఇ వర్గాలకు నాలుగు శాతం లభించింది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వల్ల అది అమలులో కొనసాగుతూ ఉంది. దాని వల్ల వేలాది కుటుంబాల పిల్లలు వైద్య, ఇంజినీరింగ్ కళాశాలల మెట్లెక్కారు. ఆ మేలును మేము తక్కువ చేయము. కాని షెడ్యూల్డ్ కులం అన్న గుర్తింపుతో వచ్చేవి వేరు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29, తెలంగాణ శాసనసభలో 19 స్థానాలు షెడ్యూల్డ్ కులాలకు కేటాయించి ఉన్నాయి. అక్కడ ఒక ముస్లిం మెహతర్ పోటీ చేయలేడు. 2013లో ఉమ్మడి రాష్ట్రం చట్టబద్ధం చేసిన ఉపప్రణాళిక నిధులలో అతని వాడకు వాటా లేదు. అన్నిటికీ మించి, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం అతనికి రక్షణ కాదు. కులం పేరుతో దూషించినవాడు, కొట్టినవాడు బాధితుని మతం అడిగి కొట్టడు. కేసు నమోదు చేసేటప్పుడు మాత్రం చట్టం బాధితుని మతం అడుగుతుంది.

ఇది ఊహ కాదు. క్రైస్తవం స్వీకరించిన ఒక వ్యక్తి కులదూషణ, దాడి జరిగాయంటూ పెట్టిన కేసులో, మతం మారిన నాడే అతను షెడ్యూల్డ్ కుల సభ్యత్వం కోల్పోయాడని, అతని చేతిలో కుల ధృవపత్రం ఉన్నా ఆ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. న్యాయమూర్తి ముందున్న చట్టం అదే కాబట్టి తీర్పు అలా వచ్చింది. తప్పు తీర్పులో వెతకడం కంటే, ఆ తీర్పుకు దారి చూపిన పేరాలో వెతకడం మంచిది.

ఈ పేరాను సమర్థించేవారు ప్రధానంగా చెప్పే కారణం ఒకటుంది. ఇస్లాంలో, క్రైస్తవంలో అస్పృశ్యత లేదు, కనుక ఆ మతాలలో చేరినవారికి ఆ బాధ ఉండదు అని. 2022లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు సమర్పించిన ప్రమాణపత్రంలోనూ ఈ వాదనే ఉంది. చూడబోతే ఇది మన ధర్మానికి ఇచ్చిన గౌరవంలా ఉంటుంది. అరబ్బుకు అరబ్బేతరునిపై, తెల్లవానికి నల్లవానిపై ఆధిక్యత లేదని దైవప్రవక్త (స) తన తుది హజ్ ప్రసంగంలో బోధించిన మాట మనలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ బోధ సత్యమే. కానీ బోధ వేరు, బోధ విన్న సమాజం వేరు. సిక్కు గురువులు కులాన్ని నిరాకరించారు. లంగరులో అందరినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టారు. బౌద్ధం కులాన్ని నిరాకరించింది. అయినా ఆ మతాలను అనుసరించే దళితుల బాధను పార్లమెంటు గుర్తించింది. సిద్ధాంతం సమానత్వం చెబుతున్నదన్న కారణం సిక్కులకు, బౌద్ధులకు అడ్డు కానప్పుడు మనకు మాత్రమే అడ్డు ఎలా అవుతుంది?

ఇక్కడ మనం మన ముఖాన్ని కూడా అద్దంలో చూసుకోవాలి. ముస్లిం సమాజంలో కులం లేదని గట్టిగా చెప్పేది ప్రభుత్వం ఒక్కటే కాదు. మనలో పెద్దలూ చెబుతారు. వేదికల మీద చెప్పినంత తేలికగా పెళ్లి సంబంధాల దగ్గర చెప్పరు. సయ్యదుల ఇంటి నుంచి దూదేకుల ఇంటికి, పఠాను ఇంటి నుంచి మెహతర్ ఇంటికి సంబంధం వెళ్లిన సందర్భాలు మీ ఊరిలో ఎన్ని ఉన్నాయో లెక్కించి చూడండి. ఫకీరు సాయెబు ఇంటివారిని విందులో ఎక్కడ కూర్చోబెడతారో గుర్తు తెచ్చుకోండి. ఉత్తరప్రదేశ్‌లో జరిగిన పరిశోధనలు విందులలో వేరు వరుసలను, ఖబ్రస్తాన్‌లలో వేరు చోట్లను నమోదు చేశాయి. అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే విభజన 1901 నాటి బెంగాల్ జనగణన నివేదికలోనే ఉంది. డాక్టర్ అంబేడ్కర్ పాకిస్తాన్‌పై రాసిన గ్రంథంలో దానిని ప్రస్తావించారు. 2006లో సచార్ కమిటీ ఆ మూడు వర్గాలనూ మళ్లీ గుర్తించి, అర్జాల్‌ల స్థితి దళితుల స్థితి వంటిదేనని చెప్పింది. ఈ నిజాన్ని ఒప్పుకోవడం ధర్మాన్ని తక్కువ చేయడం కాదు. ధర్మం ఆదేశించిన సమానత్వాన్ని మనం ఇంకా చెల్లించవలసి ఉన్నదని ఒప్పుకోవడం మాత్రమే. మన సిగ్గును దాచుకోవడానికి మన సోదరుని హక్కును బలిపెడుతున్నామా అన్న ప్రశ్న మనల్ని నిద్రపోనివ్వకూడదు.

ఈ పేరాలో మరొక వైరుధ్యం ఉంది. మతం మారిన దళితుడు తిరిగి హిందూ మతంలోకి వస్తే, అతని కులస్థులు అతన్ని అంగీకరిస్తే, అతని షెడ్యూల్డ్ కుల హోదా తిరిగి వస్తుందని 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. అంతకుముందు 1984 నాటి తీర్పులో ఈ స్థితిని గ్రహణంతో పోల్చింది. మతం మారినప్పుడు కులం నశించిపోలేదు, కప్పబడి ఉన్నది అన్నది ఆ పోలిక సారాంశం. అయితే నిలిచి ఉన్న కులం వల్ల కలిగే అవమానం కూడా నిలిచే ఉండాలి కదా! హోదా తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు కులం బ్రతికే ఉన్నదని, హోదా నిరాకరించవలసి వచ్చినప్పుడు కులం చచ్చిపోయిందని ఒకే చట్టం రెండు మాటలు చెప్పడం న్యాయమా? మతస్వేచ్ఛను 25వ అధికరణం ప్రతి పౌరునికీ ఇచ్చింది. ఆ స్వేచ్ఛను వాడుకున్నందుకు వెల కట్టేది ఈ పేరా.

దీనికి సాక్ష్యం చాలదన్న మాట కూడా తరచు వింటున్నాము. 1985లో తమిళనాడుకు చెందిన ఒక క్రైస్తవ చెప్పులు కుట్టే శ్రామికుని వ్యాజ్యంలో, మతం మారిన తరువాత కూడా అదే తీవ్రతతో వెనుకబాటు కొనసాగుతున్నదని రుజువు చేసే సమాచారం తమ ముందు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. సమాచారం ఎక్కడి నుంచి రావాలి? జనగణనలో షెడ్యూల్డ్ కులాన్ని నమోదు చేసేది హిందూ, సిక్కు, బౌద్ధులకు మాత్రమే. ముస్లిం మెహతర్‌ను ఆ గడిలో రాయరు. లెక్కలో రాయనివాని బాధకు లెక్కలు చూపమంటే అతను ఎక్కడి నుంచి తెస్తాడు? సాక్ష్యం అడిగే చేయి, సాక్ష్యం పుట్టనివ్వని చేయి రెండూ ప్రభుత్వానివే.

అయినా ఉన్నంతలో సాక్ష్యం తక్కువేమీ కాదు. జస్టిస్ రంగనాథ్ మిశ్రా అధ్యక్షతన ఏర్పడిన జాతీయ కమిషన్ 2007 మే నెలలో తన నివేదిక ఇచ్చింది. మూడవ పేరాను పూర్తిగా తొలగించాలని, షెడ్యూల్డ్ కుల హోదాను మతంతో ముడిపెట్టకూడదని సిఫారసు చేసింది. కమిషన్ సభ్య కార్యదర్శి దీనితో విభేదించారు. జాతీయ మైనారిటీల కమిషన్ కోరగా జరిగిన 2008 నాటి అధ్యయనం, అందుబాటులో ఉన్న ఆధారాలను పరిశీలించి, ఈ హోదాను నిరాకరించడానికి బలమైన కారణం లేదన్నది. మిశ్రా నివేదిక 2009 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. అక్కడే ఆగిపోయింది. క్షేత్రస్థాయి అధ్యయనం లేకుండా తయారైందంటూ 2022లో కేంద్రం దానిని తోసిపుచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ నియమించింది. రెండేళ్ల గడువు ఇచ్చి, తరువాత పొడిగించింది. సుప్రీంకోర్టులో 2004 నుంచి ఉన్న వ్యాజ్యం వేచి చూస్తూనే ఉంది. ఆ ఏడాది పుట్టిన మెహతర్ బాలుడు ఈపాటికి చదువు ముగించి పనిలో చేరి ఉంటాడు. ఏ పనిలో చేరి ఉంటాడన్నదే మా ఆవేదన.

న్యాయంగా ఆలోచించే దళిత సోదరులలో ఒక భయం ఉన్నది. ఉన్న పదిహేను శాతంలో మరికొందరు వచ్చి చేరితే తమ పిల్లల వాటా తగ్గిపోతుందని వారి ఆందోళన. ఈ ఆందోళనను మేము తేలికగా తీసుకోము. శతాబ్దాల ఆకలి తరువాత దొరికిన ముద్ద అది. ఒక పేదవాని కంచం నుంచి తీసి మరొక పేదవానికి పెట్టమని మేము అడగడం లేదు. కొత్తగా చేరే జనసంఖ్యకు తగినట్టు వాటా పెరగాలని అడుగుతున్నాము. పైగా 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం షెడ్యూల్డ్ కులాలలో ఉపవర్గీకరణకు అనుమతి ఇచ్చింది. 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ వర్గీకరణ అమలుకు పూనుకున్నాయి. ఇప్పుడున్న వర్గాల వాటాకు భంగం కలగకుండా ముస్లిం, క్రైస్తవ దళితులకు వేరు ఉపవర్గం ఏర్పరచే మార్గం దీనితో తెరుచుకున్నది. దళితులు, దళిత ముస్లింలు ఒకరికొకరు పోటీదారులని నమ్మించడం ఎవరికి లాభమో ఇరువురూ ఆలోచించాలి.

మతమార్పిడిని ప్రోత్సహించినట్టవుతుందన్న అభ్యంతరానికి సమాధానం ఇంకా సులభం. హోదా అన్నది విశ్వాసానికి ఇచ్చే బహుమతి కాదు. పుట్టుకతో పడిన భారానికి ఇచ్చే ఊతం. ఏ మతంలో ఉన్నా ఆ ఊతం ఉంటుందని చెప్పే చట్టం ఎవరినీ ఏ వైపుకూ లాగదు. ఒక మతంలో ఉంటే ఇస్తాము, మరో మతానికి వెళితే లాగేసుకుంటాము అని చెప్పే చట్టమే మనుషులను లాగుతుంది. తటస్థంగా లేనిది ఇప్పటి పేరాయే.

చట్టాన్ని సమీక్షించడం అసాధ్యమేమీ కాదని ఇటీవలి అనుభవాలే చెబుతున్నాయి. నిజాం పాలనలో 1329 ఫస్లీలో చేసిన నపుంసకుల చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పేర్లను పోలీసు పట్టికలో ఉంచి, వారిని అనుమానితులుగా చూసింది. నూరేళ్లు దాటిన తరువాత, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. కుష్ఠు వ్యాధిని విడాకులకు కారణంగా చూపే నిబంధనలను పార్లమెంటు 2019లో తొలగించింది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాలను 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు రద్దు చేసి, జైలు మాన్యువళ్లను మూడు నెలలలో సవరించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఇవన్నీ ఏళ్ల తరబడి పుస్తకాలలో చడీచప్పుడు లేకుండా కూర్చున్న వాక్యాలే. ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించాక అవి నిలబడలేకపోయాయి. చట్టం మతం అడగకుండా రక్షణ ఇవ్వగలదనడానికి కూడా ఉదాహరణ ఉన్నది. 2013లో వచ్చిన పాకీపని నిషేధ చట్టం ఆ పని చేసే మనిషి ఎవరని చూస్తుందే తప్ప, ఏ దేవుణ్ణి కొలుస్తాడని చూడదు.

అందువల్ల మా కోరికలు స్పష్టం. బాలకృష్ణన్ కమిషన్ నివేదికను దాచకుండా ప్రజల ముందు ఉంచాలి. దానిని పార్లమెంటు చర్చించి, మూడవ పేరాపై ఒక నిర్ణయం తీసుకోవాలి. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవుల కోసం ఒక తీర్మానం చేసింది. ఆ స్ఫూర్తి ప్రశంసనీయం. అదే పేరా దళిత ముస్లింకూ సంకెల అయినప్పుడు, రెండు రాష్ట్రాల శాసనసభలూ ఇద్దరి పేర్లూ చేర్చి తీర్మానం చేయాలి. రాష్ట్రాల జాబితాలలో ఒకే పేరుతో రెండు చోట్ల ఉన్న సమూహాల స్థితిగతులను పక్కపక్కన పెట్టి అధ్యయనం చేయించాలి. క్షేత్రస్థాయి అధ్యయనం లేదన్న వంక అప్పుడు ఉండదు.

పాఠకులతో ఒక్క మాట. ప్రభుత్వాన్ని అడిగేది ఎంత ఉన్నదో, మన ఇళ్లలో మనం చేయవలసింది అంతే ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన కుల సర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో బి.సి. ముస్లింలు 10.08 శాతం. ఆ సంఖ్య రావడానికి కారణం చాలామంది తమ వర్గాన్ని నమోదు చేయించుకోవడమే. 2027 జనగణనలో కులాన్నీ లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. గణకుడు మన గుమ్మంలోకి వచ్చినప్పుడు 'షేక్' అని ఒక్క మాట చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. ఆ ఒక్క మాట కింద మెహతర్, ఫకీరు, ధోబీ, గారడీ, గోసంగి అందరూ మాయమైపోతారు. మీ బిరాదరీ పేరు సిగ్గుపడకుండా చెప్పండి. రాసిన దాన్ని చదివించుకోండి. మసీదు కమిటీలు జుమా రోజున ఈ సంగతి వివరించాలి. మొదటి వరుసలో నిలబడిన పెద్దలు చివరి వరుసలోని సోదరుని తరఫున మాట్లాడాలి.

నమాజులో భుజానికి భుజం ఆనించి నిలబడతామని మనం గర్వంగా చెప్పుకుంటాము. సలాం తిప్పి లేచిన తరువాత కూడా ఆ భుజాలు కలిసి ఉన్నప్పుడే ఆ గర్వం మనకు తగుతుంది. ఒక ఉత్తర్వులోని ఒక పేరా మన సోదరుని అణచివేతను లేదని చెబుతున్నది. అది ఉన్నదని సాక్ష్యం చెప్పవలసిన మొదటివాళ్లం మనమే.